మెలి

1993 ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున బెజవాడ బస్టాండులో బందరు బస్సెక్కాను. నా చేతిలో ఐదడుగుల పొడుగు విమానం రెక్క ఉంది. హాస్టలు దుప్పట్లో చుట్టి, రెండుచోట్ల పురికొసతో కట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు నిలువునా పట్టుకున్నాను. కండక్టరు దాన్నోసారి, నన్నోసారి చూసి "ఏంటయ్యా అది?" అన్నాడు. "రెక్క" అన్నాను. "ఏ కోడిదో?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నవ్వుతూనే లగేజీ టిక్కెట్టు కొట్టాడు. కంకిపాడు దాటింది, ఉయ్యూరు దాటింది. సీటు దొరికినా నేను కూచోలేదు. కూచుంటే రెక్క ఎక్కడ నొక్కుకుపోద్దోనని భయం. అప్పటికే చెడిపోయిన దాన్ని అంత భద్రంగా మోసుకుపోయినందుకు ఇప్పుడు తల్చుకుంటే నాకే నవ్వొస్తుంది.

దానికొచ్చిన రోగం మెలి. తడిగుడ్డ పిండేటప్పుడు ఒక కొస అటూ ఒక కొస ఇటూ తిప్పుతామే, అది. చూస్తే కనపడదు. ఎగిరితే కనపడుద్ది. ఆ మెలి సంగతి రాయమంటే రాస్తున్నాను గానీ, దాంతోపాటు మా అయ్య గురించి నేనాడిన అబద్ధం కూడా రాయాలి. రెంటినీ విడదీయటం నా వల్ల కాలేదు.

మాది పామర్రు మాదిగపల్లె. మా అయ్య సెంటర్లో, బందరు రోడ్డూ గుడివాడ రోడ్డూ కలిసేచోట, చెట్టు కింద చెప్పులు కుట్టేవాడు. మా తాత డప్పులు కట్టేవాడు. చుట్టూ నాలుగైదు ఊళ్ళ పల్లెల్లో మా తాత కట్టిన డప్పంటే గిరాకీ. మా అయ్యకీ ఆ పని వచ్చు. వచ్చి మానేశాడు. నేను పుట్టకముందు సంగతది. ఊళ్ళో ఒక పెద్దరైతు పోయాడు. మా అయ్యకి వొళ్ళు కాలిపోయే జొరం. జొరమన్నా వినకుండా పిలుచుకుపోయి రాత్రంతా కొట్టించారు. తెల్లారి శవం లేచేటప్పుడు మా అయ్య పడిపోయాడు. తాగి పడ్డాడన్నారు. ఇంటికొచ్చి డప్పునీ, చిర్రనీ, చిటికెనపుల్లనీ గోనెసంచిలో వేసి అటక మీదకి విసిరేశాడు. ఇంక ఎవడు సచ్చినా నేను కొట్టనన్నాడంట. ఆ మాటకి రెండేళ్ళు కళ్ళంలో మాకు గింజ విదల్చలేదని మాయమ్మ చెప్పేది.

నేను ఎగిరేదాన్ని మొదట చూసింది 1977 ఉప్పెనప్పుడు. నవంబరు 19 రాత్రి దివిసీమ మునిగింది. నాకు అయిదేళ్ళు. ఆ తర్వాత రోజుల్లో మా మీంచి హెలికాప్టర్లు పోతుంటే పిల్లలం కేకలేసుకుంటూ వాటి కింద పరిగెత్తాం. అన్నం పొట్లాలు పట్టుకుపోతున్నాయన్నారు. అదే వారంలో లారీలొచ్చి మా పల్లె మగాళ్ళని ఎక్కించుకుపోయాయి. చచ్చిన గొడ్లని తియ్యాలి, మనుషుల్ని తియ్యాలి. ఆ పనికి మా పల్లెనే ఎందుకు పిలిచారో ఈ పుస్తకం చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. నేను పైకి చూసి చప్పట్లు కొడుతున్నాను. కింద లారీలో మా అయ్య పోతున్నాడు.

ఆ తర్వాత నాకు ఎగిరేవాటి పిచ్చి పట్టుకుంది. నీళ్ళగుంటల్లో జీలుగుబెండు దొరికేది. కోసి ఎండబెట్టి, సగం బ్లేడుతో చెక్కి, తాటాకు ముక్కలు రెక్కలుగా గుచ్చేవాణ్ణి. పెళ్ళిళ్ళకి బాసికాలు చేసే బెండే అది. చేతిలో ఉన్నట్టే తెలీదు. ఒక రెక్క కాస్త పెద్దదైతే గిరికీ కొట్టి పడేది. రెండూ సమానంగా కోస్తే పాక మీద నుంచి పక్కింటి దొడ్లోకి పోయేది. అప్పుడు నేర్చుకున్న చదువే తర్వాత ఇంజనీరింగులో చెప్పారు, లెక్కలతో.

నేను ఇంజనీరింగులో చేరింది 1990లో. కాలేజీ పేరు అనవసరం. ఎవర్నీ రచ్చకీడ్చడానికి రాయటం లేదు. ఆ ఏడాది ఆగస్టు 7న వి.పి. సింగ్ మండల్ సిఫార్సులు అమలు చేస్తామన్నాడు. దేశమంతటా అగ్రకులాల విద్యార్థులు రోడ్డెక్కారు. చదువుకుని మేం చివరికి చేసే పని ఇదా అని చెప్పటానికి రోడ్ల మీద కూచుని బూట్లు పాలిష్ చేశారు. మా కాలేజీ గేటు ముందు కూడా చేశారు. ఫోటోలు తీయించుకున్నారు. మా అయ్య ముప్ఫై ఏళ్ళుగా పామర్రు సెంటర్లో రోజూ అదే పని చేస్తున్నాడు. ఏ పేపరువాడూ వచ్చి ఫోటో తియ్యలేదు. ఆ సాయంత్రం మెస్సులో పక్కవాడు "మీ ఫాదర్ ఏం చేస్తారు?" అనడిగాడు. వ్యవసాయం అన్నాను. నోట్లో ముద్ద ఉండగానే వచ్చేసింది ఆ మాట.

మూడో ఏడాది కాలేజీలో మోడల్ విమానాల క్లబ్బు పెట్టారు. రేడియోతో నడిపే విమానం. నడిపేవాడు నేలమీదే ఉంటాడు, చేతిలో పెట్టె, పెట్టె మీద రెండు పుల్లలు. వాటిని అటూ ఇటూ నెడితే పైనున్న విమానంలో చిన్న మోటార్లు రెక్కల వెనకుండే ఐలరాన్లనీ, తోకలో ఉండే చుక్కానినీ తిప్పుతాయి. ముందు చిన్న ఇంజను. మిథనాల్లో ఆముదం కలిపి పోస్తే కంఠం చించుకుని అరుస్తుంది. ఎగిరినంతసేపూ వొళ్ళంతా ఆముదం చిమ్ముకుంటుంది. రేడియో పెట్టె జపానుది, ఫుటాబా. కొన్నవాడు మా సీనియరు. వాళ్ళ నాన్న రైసుమిల్లు ఓనరు. అందుకని నడిపేది అతనే, క్లబ్బు గది తాళం అతని దగ్గరే. నాకు పని మీద చెయ్యి బాగా తిరుగుతుందని రెక్క కట్టే పని నాకిచ్చారు. నాకదే స్వర్గం.

బాల్సా చెక్కని మొదటిసారి అప్పుడే చూశాను. దక్షిణ అమెరికా చెట్టది. జీలుగుబెండుకి పెదనాన్న కొడుకులాగుంది. దాన్ని పలచగా కోసి ఎముకల్లాగా రిబ్బులు చేస్తాం. రిబ్బులన్నిటినీ ఒక నిలువు కమ్మీకి గుచ్చి అతికిస్తాం. ముందు అంచు, వెనక అంచు పెడతాం. దానిమీద పలచటి సిల్కు గుడ్డ పరిచి డోపు పూస్తాం. డోపంటే అరటిపండు వాసనేసే ద్రావకం. ఆరేకొద్దీ గుడ్డని లాగి బిగిస్తుంది. తలగడ గలీబులా వేలాడే గుడ్డ తెల్లారేసరికి డోలు చర్మంలాగా మోగుతుంది. ఇందులో మొదటి నియమం ఒకటుంది, ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. తిన్నటి బల్ల కావాలి. బల్ల తిన్నగా లేకపోతే దానిమీద కట్టినది తిన్నగా రాదు. డోపు ఆరేదాకా రెక్కని ఆ బల్లకే గుండుసూదులతో బిగించి ఉంచాలి.

మా క్లబ్బులో అలాంటి బల్ల ఉంది. పైన గాజు పలక వేసిన బల్ల. గది తాళం సీనియరు దగ్గర. అతనూ అతని స్నేహితులూ సాయంత్రం తెరిచి రాత్రి మూసేవాళ్ళు. నేను వెళితే బల్ల మీద వాళ్ళ తోక ఉండేది, వాళ్ళ బాడీ ఉండేది, ఒక్కోరోజు వాళ్ళ పేకముక్కలుండేవి. "నువ్వు రూములో చేసుకో, నీ చెయ్యి మంచిదిగా" అనేవాడు. మెచ్చుకోలే అనుకుని మురిసిపోయాను. హాస్టల్లో అలమర తలుపు ఊడబీకి మంచం మీద వేసుకుని దానిమీద కట్టాను. ఆ తలుపు వానలకి నాని వంగిన తలుపు. డోపు పూసి గోడకి ఆనించి ఆరబెట్టాను.

ఎగరేసినరోజు నలభైమంది చూడ్డానికొచ్చారు. లేవటం బాగానే లేచింది. లేచిన క్షణం నుంచీ కుడివైపుకి ఒరుగుతోంది. సీనియరు ఎడమ పుల్ల నొక్కిపట్టి నిలబెట్టుకుంటూ ఒక చుట్టు తిప్పాడు. దించటానికి ఇంజను తగ్గించాడు. అప్పుడు జరిగింది ఎవరికీ అర్థం కాలేదు. ఇంతసేపూ కుడికి ఒరిగిన విమానం ఒక్కసారి ఎడమ రెక్క దించి, ఎవరో ఆ రెక్క పట్టుకుని కిందకి గుంజినట్టు, గిర్రున తిరిగి నేలక్కొట్టుకుంది. అదృష్టం, గడ్డిలో పడింది. ప్రొపెల్లరు విరిగింది, ముక్కు చితికింది. రెక్కకి పైకి ఏమీ కాలేదు. రెక్క ఎవరు కట్టారని నలభైమందిలో ఎవరో అడిగారు. ఇంకెవరో అన్నారు, "రిజర్వేషన్ రెక్క గురూ, మెరిట్ రెక్కతో పాటు ఎగరదు." నవ్వులు. అన్నది ఎవరో నేను చూడలేదు. చూడకపోవటం ఆ వయసుకే నేర్చుకున్నాను.

ఇక్కడొక మాట చెప్పి ముందుకి పోతాను. ఆ విమానంలో ఇంజన్ని తిన్నగా బిగించరు. కావాలనే రెండు డిగ్రీలు కుడికీ, కాస్త కిందకీ వంచి బిగిస్తారు. ప్రొపెల్లరు తిరిగే బలానికి విమానం ఎప్పుడూ ఎడమకే లాగుతుంది గనక, ఆ లాగుడికి విరుగుడుగా ఈ వంపు పెట్టాలి. తిన్నగా బిగిస్తే తిన్నగా పోదు. ఆ ఇంజను బిగించింది సీనియరే. కొలత పెట్టి, రెండు డిగ్రీలు తప్పకుండా, ముచ్చటపడి బిగించాడు. ఆ వంపు ఎందుకో జూనియర్లకి చక్కగా విడమర్చి చెప్పేవాడు. గేటు ముందు బూట్లు పాలిష్ చేసినవాళ్ళలో అతనూ ఉన్నాడు.

సోమవారంలోగా రెక్క బాగుచెయ్యకపోతే వేరేవాళ్ళకిస్తామన్నారు. ఎక్కడ చెడిందో తెలిస్తేగా బాగుచెయ్యటానికి? స్కేలు పెట్టి చూశాను, కొలతలన్నీ సరే. ఎందుకో ఇంటికి పోవాలనిపించింది. రెక్క చుట్టుకుని బస్సెక్కాను.

నేను దిగేసరికి మా అయ్య సెంటర్లో చెట్టు కిందే ఉన్నాడు. ఎవరిదో చెప్పు కాళ్ళ మధ్య బిగించి కుడుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. నేను ఆగకుండా "ఇంటికాడ ఉంటా" అని ముందుకి పోయాను. పక్కన నిలబడి మాట్లాడితే ఎవరన్నా చూస్తారని. సొంతూళ్ళో చూస్తే మాత్రం ఏమైందని ఇప్పుడనిపిస్తుంది. అలవాటైన సిగ్గుకి ఊరితో పనిలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి రెక్క విప్పమన్నాడు. చేతులు కడుక్కుని, పైగుడ్డకి తుడుచుకుని మరీ పట్టుకున్నాడు.

"గుడ్డేనా ఇది?"

"సిల్కు గుడ్డ. మీద డోపని మందు పూస్తాం."

"ఆరేకొద్దీ లాగుద్దా?"

"లాగుద్ది."

"అయితే తోలే" అన్నాడు.

చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టుకుంటూ పోయాడు. కుడిరెక్క పైన కొట్టాడు, కింద కొట్టాడు. ఒకే మోత. ఎడమ రెక్క సగందాకా బాగానే ఉంది. కొసకి వచ్చేసరికి కింద టంగుమంది, పైన బద్దుమంది. నాలుగుసార్లు తిప్పి తిప్పి కొట్టాడు. "కింద బిగువెక్కువైందిరా. పైన చాల్లేదు. అందుకని ఎనక అంచుని కిందకి గుంజేసుకుంది. పైన ఎన్ని పూతలేశావు?"

నాకు నోట మాట రాలేదు. అడుగు వైపు ముందు పూశాను, మూడు పూతలు, ధారాళంగా. పైవైపు వచ్చేసరికి సీసా అయిపోయింది. ఎడమ కొసకి ఒకటే పూత, అదీ పలచగా. ఇంకో సీసా అడగటానికి మొహమాటపడ్డాను. చెప్పాను.

"ఏడ ఆరబెట్టావు?"

"గోడకి ఆనించి."

"బల్ల లేదా?"

ఉందన్నాను. తాళం సంగతి చెప్పాను. అలమర తలుపు సంగతి చెప్పాను. మా అయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "బల్ల ఆళ్ళకాడ, రెక్క నీకాడానా" అన్నాడు. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

లేచి నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. మాయమ్మ పొయ్యికాణ్ణించి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. గోనెసంచి దించాడు. నా ఇరవయ్యేళ్ళలో ఆ సంచి మూతి విప్పటం నేను చూడలేదు. డప్పు తోలు ఎలకలు కొట్టేసి ఉంది. చట్రం గట్టిగానే ఉంది. లోపలనుంచి చిటికెనపుల్లలు రెండు తీశాడు, ఒకటి మా తాతది, ఒకటి తనది. వెదురు చీల్చి నున్నగా చేసిన పుల్లలు, సూదిలాగా తిన్నగా ఉన్నాయి. రెక్క వెల్లకిలా పెట్టి ఒక పుల్లని మొదట్లో అడ్డంగా, ఒకదాన్ని కొసలో అడ్డంగా పెట్టాడు. ఒక కన్ను మూసి వాలి చూశాడు. "రా, చూడు" అన్నాడు. చూశాను. రెండు పుల్లలూ ఒక గీతలో పడాలి. పడలేదు. ఒకటి వాలి ఉంది. స్కేలుకి దొరకని మెలి, రెండు డప్పుపుల్లలకి దొరికింది.

అప్పుడర్థమైంది నాకు మైదానంలో జరిగింది. ఎడమ రెక్క కొసలో వెనక అంచు కిందకి దిగింది గనక ఆ రెక్క గాలికి ఎక్కువ ఎదురొడ్డుతోంది. వేగంగా పోయేటప్పుడు దానికి ఎత్తుబలం ఎక్కువ, అందుకని విమానం కుడికి ఒరిగింది. వేగం తగ్గించినప్పుడు అదే ఎదురొడ్డటం ఎక్కువైపోయి, గాలి రెక్కని వదిలేసింది. రెండో రెక్కకన్నా ముందు అదే చచ్చుబడింది. అందుకని ఎడమకి కూలింది. కుడికి ఒరగటానికీ ఎడమకి కూలటానికీ కారణం ఒకటే. ఇది నేను మా అయ్యకి చెబితే, "డప్పుకీ అంతే. ఒక పక్క బిగువైతే సెగ తగలగానే అదే ముందు పగులుద్ది" అన్నాడు.

సెగ అన్నాక గుర్తొచ్చి తాటాకులు తెచ్చి మంట వెయ్యబోయాడు, డప్పు కాచినట్టు కాచి తిప్పుదామని. నేను అరిచినంత పనిచేశాను. డోపుకి నిప్పంటే రెక్క కాదు, పాక మిగలదు. తుపాకీమందుకి చుట్టం అది. ఆవిరి పట్టాలి అన్నాను. పుస్తకంలో చదివాను. ఆవిరైతే ఎంతసేపు, ఎంత తిప్పాలి, ఎప్పుడు వదలాలి అనేది పుస్తకంలో ఉన్నా నా చేతికి తెలీదు. మా అయ్య చేతికి తెలుసు. మాయమ్మ పొయ్యి మీద పెద్ద డేగిసాలో ఎసరు పెట్టి ఉంది. "అన్నం ఉడకాలా, ఇమానం ఉడకాలా?" అంది. విమానమే ఉడికింది ముందు.

నేను మొదలు పట్టుకున్నాను, మా అయ్య కొస పట్టుకున్నాడు. ఆవిర్లో అటూ ఇటూ ఆడిస్తూ, వెనక అంచుని పైకి తిప్పాడు. "సరిపోను తిప్పితే చాలదు. కాస్త ఎగస్ట్రా తిప్పాలి, వదిలాక ఎనక్కి వస్తది" అన్నాడు. తిప్పిన చెయ్యి తిప్పినట్టే ఉంచి, ఆవిర్లోంచి తీసి, చల్లారిందాకా కదలకుండా నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. చెప్పులు కుట్టి కుట్టి వంగిపోయిన ఆయన వేళ్ళని అంత దగ్గర్నుంచి నేను అంతకుముందు చూడలేదు. రోజూ కనపడే చేతులేగా.

అలా మూడుసార్లు. పుల్లలు పెట్టి చూస్తే గీతలో గీత పడింది.

ఇంకా పైవైపు పూత వెయ్యాలి, ఆరేదాకా తిన్నటి చోట బరువులు పెట్టి ఉంచాలి. మా ఇంట్లో తిన్నటి చోటేదీ? పేడ అలికిన నేల. మా అయ్యే అన్నాడు, చర్చి గచ్చు తిన్నగా ఉంటదని. పాస్టరుగారు ఆదివారం ఆరాధన లోపల తీసెయ్యమని ఒప్పుకున్నాడు. చెంబుడు నీళ్ళు పోసి ఎటు పారతాయో చూశాం, ఎటూ పారకుండా నిలిచినచోట ఎంచుకున్నాం, తుడిచాం. పూత ఎదురెదురుగా వెయ్యమన్నాడు. "ఇక్కడ పూస్తే దానికి ఎదురు అక్కడ పూయి. ఒక పక్కనుంచి వరసపెట్టి పోబాకు. తోలూ అంతే, ఇటు లాగి అటు లాగాలి." రెక్క చుట్టూ పాటల పుస్తకాలు బరువులు పెట్టాం. రాత్రి మా అయ్య చర్చి అరుగు మీదే పడుకున్నాడు, కుక్కలొస్తాయని. తెల్లారి ఆరాధనలో చర్చంతా అరటిపండు వాసన. ఎవరు గెల తెచ్చారని ముసలమ్మలు వెతుక్కున్నారు.

సోమవారం కాలేజీలో విమానం మళ్ళీ బిగించాను. ఈసారి బల్ల ఖాళీగా ఉంది, ఓడినవాడి మీద జాలిపడి ఇచ్చారు. తోక చివర గుండుసూది గుచ్చి, దారం కట్టి, ఒక రెక్క కొసదాకా లాగి ముడేసి, అదే దారం రెండో రెక్క కొసకి తిప్పాను. రెండూ సమానం రావాలి. మూడు నూళ్ళు తేడా. రెక్క ఎలా జరిపినా వెనకనుంచి చూస్తే తోక ఒక పక్కకి వాలే ఉంది. తోక అతికించింది గాజు బల్ల మీద, తాళం ఉన్న గదిలో. రిజర్వేషన్ తోకో మెరిట్ తోకో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. బ్లేడుతో జిగురు కోసి, సన్నటి బాల్సా పెచ్చు కింద పెట్టి, సరిచేసి అతికించాను.

ఆ వారం విమానం ఎగిరింది. ఎగిరాక సీనియరు రెండు చేతులూ పుల్లల మీంచి తీసేశాడు. తిన్నగా పోతూనే ఉంది. వేగం తగ్గించాడు, ముక్కు నెమ్మదిగా దించిందిగానీ ఏ రెక్కా పడలేదు. గడ్డి మీద కొంగ వాలినట్టు వాలింది. అందరూ చప్పట్లు కొట్టారు. సీనియరు నా భుజం మీద చెయ్యేసి "ఎవరు సరిచేశార్రా?" అన్నాడు.

"మా ఊళ్ళో వడ్రంగి" అన్నాను.

"అదీ. విశ్వబ్రాహ్మల చెయ్యి పడితే అట్టా ఉంటది" అన్నాడు.

తలూపాను.

వేసవి సెలవులకి ఇంటికొచ్చాను. రాగానే మా అయ్య అడిగింది "ఎగిరిందా?" అని. ఎగిరిందన్నాను. ఎంతెత్తు, ఎంతసేపు, ఎట్టా దిగింది, అన్నీ అడిగి చెప్పించుకున్నాడు. కాసేపాగి, చుట్ట వెలిగించుకుంటా, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఎవరు బాగుచేశారని అడిగారా?"

"అడిగారు."

"ఏం జెప్పావు?"

"మా అయ్య అని చెప్పా."

చుట్ట ఆరిపోయింది. మళ్ళీ వెలిగించుకున్నాడు. "ఏ పని చేత్తాడని అడిగారా మరి?" అన్నాడు. "అదీ చెప్పా" అన్నాను. "ఏమన్నారు?" "చెయ్యంటే అట్టుండాలన్నారు." ఆ రాత్రి పల్లెలో మా అయ్య ఎవరెవరి అరుగుల మీద కూచున్నాడో, ఎంతమందికి చెప్పాడో నాకు తెలీదు. పొద్దున్నే పిల్లలు నన్ను చూసి నోళ్ళతో ఇంజన్ల చప్పుడు చేశారు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైంది. కొన్నాళ్ళకి మా పల్లెకీ వచ్చింది. అటక మీది డప్పుకి మా అయ్య కొత్త తోలేశాడు. చింతగింజల జిగురు కాచి, ఎదురెదురుగా లాగి. పడుచుపిల్లలకి కట్టటం నేర్పించాడు. వాళ్ళెవరన్నా తొందరపడి ఎండలో పెడితే "నీడన పెట్టరా, నేను ఇమానానికే తోలేసినోణ్ణి, నాకు జెప్తావా" అనేవాడంట. నేనున్నప్పుడు ఒకసారి అన్నాడు. నేను అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయాను. మంచినీళ్ళకి వెళ్ళానని అనుకుని ఉంటాడు.

నాకు పాలిటెక్నిక్‌లో ఉద్యోగమొచ్చింది. ఇప్పటికీ పిల్లలు మోడళ్ళు కడుతుంటే దగ్గర కూచుంటాను. సిల్కు గుడ్డా లేదు, డోపూ లేదు. ఫోమ్ షీటు, కార్బన్ కడ్డీ, కరెంటు మోటారు. లోపల గైరో అని చిన్న బిళ్ళ పెడతారు. రెక్క మెలి తిరిగినా అది క్షణక్షణం ఐలరాన్లని తిప్పి విమానాన్ని నిలబెడుతుంది. అందుకని మెలి ఉన్నట్టు పిల్లలకి తెలియనే తెలీదు, అది పాడైనరోజు తప్ప. గైరో తీసేసి ఎగరెయ్యమంటాను. ముందు రెండు పుల్లలు పెట్టి చూడమంటాను. ఎవరు నేర్పారు సార్ అని అడుగుతారు. వాళ్ళకి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను, మా అయ్య చెప్పులు కుట్టేవాడని, డప్పులు కట్టేవాడని. చెప్పటం ఇప్పుడు తేలికే. నెలనెలా జీతమొస్తోంది, ఎదురుగా కూచున్నవాళ్ళు నా విద్యార్థులు.

మా అయ్య 2008లో పోయాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే డప్పులు కొట్టారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ డబ్బులడగలేదు. మట్టి చేసి వస్తుంటే మా అయ్య ఈడువాడు, వరసకి మావయ్య, కర్ర పోటేసుకుంటూ నా పక్కన నడిచాడు. చెవులు సరిగ్గా వినపడవు, గట్టిగా మాట్లాడతాడు.

"ఏరా అల్లుడా, ఆ ఇంజినీర్ల కాలేజీలో గోడమీద మీ అయ్య పేరు రాయించారంట గదా. ఆడే చెప్పేవాడు. నిజమేనా?"

వెనకాల వస్తున్నవాళ్ళంతా విన్నారు. డప్పులు అప్పుడే ఆగాయి.

"రాయించారు మావా" అన్నాను.